నిత్యాలంకరణము: గిరిసోల ప్రాంతపు తెలుగు ఇండ్లలోని మితప్రసాధనము

గంజాము జిల్లా దక్షిణపు సరిహద్దున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిపై, ఇచ్ఛాపురమునకు ఉత్తరముగా గిరిసోల గ్రామము కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు గంజాము జిల్లాలో అధికభాగము అందు చేరెను. ఇచ్ఛాపురము మదరాసు రాజధానిలోనే నిలిచెను. నాటినుండి ఇరుగుపొరుగు ఊళ్లు రెండు పాలనలకు లోబడినను, ఇండ్లలోని భాష, వంట, వేషము ఆ సరిహద్దును అంతగా పాటింపలేదు. బరంపురపు వీథులలో ఒడియా స్త్రీల పాదములకు ఎఱ్ఱని అలతా, తెలుగు స్త్రీల పాదములకు పసుపు ప్రక్కప్రక్కనే కానవచ్చును. పెండ్లి సింగారమును గూర్చియు, పండుగ వేషమును గూర్చియు వ్రాసినవారు పెక్కండ్రు కలరు. పనిదినమున పాఠశాలకో, అంగడికో, పొరుగింటికో పోవు స్త్రీ తన ముఖమును ఎట్లు తీర్చుకొనునో విచారించినవారు అరుదు. ఆ నిత్యాలంకరణమే ఈ వ్యాసమునకు విషయము.

ఇటీవల నగరములందు, చేసికొన్నట్లు కనబడని అలంకారమే అలంకారమను పద్ధతి ఒకటి ప్రచారమునకు వచ్చినది. పలుచని లేపనము, కంటికి సన్నని రేఖ, పెదవులకు కొద్దిపాటి రంగు మాత్రమే దానికి సామగ్రి. దీనిని క్రొత్త వింతగా పలువురు భావించుచున్నారు. సున్నిపిండితో ముఖము కడిగికొని, కాటుక దిద్దుకొని, బొట్టు పెట్టుకొని, తల దువ్వి పూవు తురుముకొను తెలుగింటి ఉదయపు అలవాటును తలచుకొన్నచో ఆ వింత తొలగును. రెండింటి సూత్రము ఒక్కటియే. ఉన్న రంగును మార్చుట వాని ఉద్దేశము కాదు. దానిని తేటపరచుటయే ఉద్దేశము.

ప్రాచీనులు ప్రసాధనమును శాస్త్రముగా పరిగణించిరి. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో గంధయుక్తి, విశేషకచ్ఛేద్యము కలవు. సుగంధద్రవ్యములను కూర్చుట మొదటిది. నుదుటి తిలకమునకై ఆకులను వింత ఆకృతులలో కత్తిరించుట రెండవది. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమునే కేటాయించెను. అవి తీరికగల నాగరికులకు తగిన విద్యలు. ప్రొద్దున లేచి పొయ్యి వెలిగించి, పిల్లలను బడికి పంపి, తానును పనికి పోవలసిన గృహిణికి అంత వ్యవధి యుండదు. ఆమె అలంకారము వంటింటి వస్తువులతో, పావుగంటలో ముగియవలెను. పైగా ఇది సముద్రతీర ప్రాంతము. గాలిలో తేమ హెచ్చు. మందముగా పూసిన పూత చెమటకు గంటలోపలనే చారికలు కట్టును. కనుక ఇచట మితత్వము అభిరుచి మాత్రమే కాదు, వాతావరణము విధించిన నియమము కూడ.

ఈ అలంకారమున మొదటి అంగము శుద్ధి. పెసరపిండిగాని శనగపిండిగాని కొద్ది పసుపుతో కలిపి, నీటితోనో పాలతోనో తడిపి, ముఖమునకు మెల్లగా రాచి కడిగివేయుదురు. పిండి రేణువులు చర్మముపైనున్న జిడ్డును పీల్చుకొనును. సబ్బువలె చర్మమును మిక్కిలి ఎండబెట్టవు. గట్టిగా రుద్దుట మాత్రము తగదు. కొందరు సున్నిపిండిలో బావంచాలు చేర్చుదురు. ఆ గింజలలో సోరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మమును సూర్యరశ్మికి సులభముగా లొంగునట్లు చేయును. బొల్లిమచ్చల చికిత్సలో దానిని వాడుటకు కారణము ఇదియే. బావంచాల పిండి పూసికొని ఎండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లబడవచ్చును. నిత్యోపయోగమునకు పెసరపిండి చాలును.

పసుపు విషయమునను ఎఱుక అవసరము. పసుపులోని రంగుపదార్థము నీటిలో కరగదు, నూనెలో కలియును. అందుచే నూనె రాచిన చర్మమునకు పసుపు గట్టిగా అంటును. వెలుతురు సోకిన కొలది ఆ రంగు వెలియును. పచ్చదనము తేలకూడదనుకొన్నవారు రంగు తక్కువగల కస్తూరిపసుపును వాడుదురు. పసుపుకొమ్ములకు మెఱుగు తెచ్చుటకై సీసపు క్రోమేటును పూయు దురాచారము బంగ్లాదేశమున ఉండెనని 2019లో ప్రచురితమైన పరిశోధనలు వెల్లడించినవి. కనుక కన్నులు చెదరునంత పచ్చగా మెఱయు కొమ్ములకంటె, పైన గరుకుగా, వన్నె తక్కువగా నున్నవే ఏరుకొనదగినవి.

రెండవ అంగము కాటుక. ఆముదపు దీపముపై రాగిపళ్లెమును బోర్లించి, దానికి పట్టిన మసిని గీకి, ఆముదముతోనో నేతితోనో రంగరించి కాటుకకాయలో దాచుట పూర్వాచారము. ఆ మసి కేవలము బొగ్గుపదార్థమే. సుర్మా యనుపేర అమ్మబడు పొడులలో కొన్ని దీనికి భిన్నములు. వానిలో సీసపు గంధకము ఉండుట పరీక్షలలో పలుమార్లు కనబడినది. సీసము శరీరమున చేరినచో పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటు కలుగును. ఇంతవరకు హాని లేదనదగిన హద్దు దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. శిశువుల కంట కాటుక పెట్టవద్దని వైద్యులు చెప్పుటకు ఇది యొక కారణము. వ్రేలితో అంటుదోషము చేరుట మఱియొకటి. దిష్టికని పెట్టదలచినచో అరికాలిలో చుక్క పెట్టినను ఆచారము చెల్లును. పెద్దలైనను కాటుకను కంటిలోపల గాక, రెప్ప వెండ్రుకల వెలుపలి అంచున సన్నగా దిద్దుట క్షేమము. చెమటకు చెదరకుండుటయు దాని వలననే సాధ్యము.

మూడవది బొట్టు. పసుపుకొమ్ములను నిమ్మరసము, వెలిగారము, పటికలతో నానవేసి, ఆరబెట్టి దంచినచో కుంకుమ యగును. పసుపునకు క్షారము సోకి ఎఱ్ఱబడు గుణము కలదు. పసుపునీట సున్నము కలిపినపుడు పారాణి ఎఱ్ఱనగుటకు కారణము అదియే. నేటి అంగళ్ల కుంకుమలో చాలవరకు కృత్రిమపు రంగులు కలియుచున్నవి. ఇప్పుడు ఎక్కువమంది వాడు అంటింపు బొట్లలోని జిగురున పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను రసాయనము ఉండవచ్చును. అది కొందరికి నుదుట తెల్లమచ్చను కలిగించును. రాత్రివేళ బొట్టుబిళ్లను తీసివేయుట, ఒకేచోట అంటింపకుండుట, దురద పుట్టినంతనే మానుట మంచిది. బొట్టు ముఖమున చూపు నిలుచు స్థానము. అది సరియైన చోట, ముఖమునకు తగిన పరిమాణమున నున్నచో తక్కిన అలంకారము లేకున్నను ముఖము నిండుగా కనబడును.

నాలుగవది కేశసంస్కారము. నూనె రాచి, చిక్కు తీసి, అల్లిన జడలో ఒక పూవు తురుముట ఇందలి పద్ధతి. ఈ జిల్లాకు ప్రత్యేకమైన పూవు మొగలి. దానిని ఒడియా వారు కియా యందురు. వానకాలమున దాని పూత హెచ్చు. సువాసన మగపొత్తులకే కలదు. బరంపురము, ఛత్రపురము పరిసరములలో ఆ పొత్తులను రాగిపాత్రలలో కాచి ఆవిరి పట్టి అత్తరును, కేవడా జలమును తీయుదురు. ఆ అత్తరు దూరప్రాంతములకు పోవును. రేకులలో కొన్ని మాత్రము ఇంటి ఆడుబిడ్డల జడలలోనికి, బట్టల పెట్టెలలోనికి చేరును. చెమట ఊరు కాలమున ఒక్క రేకు చాలును.

పెదవుల మాట చెప్పవలెను. పూర్వము తాంబూలమే పెదవులకు రంగు. వక్క క్యాన్సరును కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 2004లో ప్రకటించినది. కనుక ఆ ఎఱుపునకై తాంబూలమును అలవాటు చేసికొనుట తగదు. వెన్నగాని నేయిగాని పలుచగా రాచినచో పెదవులు పగులక, తమ సహజవర్ణముతోనే తేటగా నుండును. పాతకాలమున లేక నేడు చేర్చుకొనదగినది ఎండనుండి కాపాడు లేపనము. జింకు ఆక్సైడు గలది పలువురి చర్మమునకు సరిపడును. గొడుగును, నెత్తిపై కొంగును దానికి తోడు. ఏ క్రొత్త వస్తువునైనను ముందు మోచేతి లోపలివైపున కొంచెము రాచి, ఒకటి రెండు దినములు చూచి, పిమ్మట ముఖమునకు వాడుట వివేకము.

ఇంతవరకు చెప్పిన అంగములలో దేనియందును ముఖమును తెల్లగా చేయు ప్రయత్నము లేదు. నేటి బాలికలకు ఎదురగుచున్న చిక్కు ఇచటనే కలదు. తెలుపు చేయుదుమను లేపనముల ప్రకటన 1975 నుండి మన దేశమున ఇంటింటికి చేరినది. ఆ లేపనములలో ప్రసిద్ధమైనదాని పేరునుండి తెలుపును సూచించు మాటను 2020లో తొలగించిరి. కాని పేరు మారినంత మాత్రమున జనుల మనస్సులోని తూకము మారదు. అనుమతి లేని కొన్ని లేపనములలో పాదరసము ఉండును. అది చర్మమున రంగు పుట్టుటను అడ్డగించును, మూత్రపిండములను చెఱుచును. 2020 నాటి కేంద్రప్రభుత్వ సౌందర్యసాధన నియమములు కంటి చుట్టు వాడువానికి తప్ప, తక్కినవానిలో అనుకోకుండ చేరిన పాదరసము పదిలక్షల పాళ్లకు ఒక పాలు మించరాదని శాసించినవి. మఱికొన్నిటిలో స్టెరాయిడ్లు కలవు. వైద్యుని సలహా లేక నెలల తరబడి రాచినచో చర్మము పలుచనై, సన్నని నెత్తుటినాళములు పైకి తేలును. తయారుచేసినవారి పేరు, చిరునామా, చేర్చిన పదార్థముల పట్టిక లేని డబ్బాను కొనకుండుటయే మొదటి జాగ్రత్త. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, ఇంటిలోని పెసరపిండిని విడిచి ఊరు పేరు లేని డబ్బాను ఆశ్రయించుట ఏల?

భాష కూడ ఇందు ఒక సాక్ష్యము పలుకుచున్నది. నలుపు, తెలుపుల నడుమనున్న మేనివన్నెకు తెలుగువారు చామనచాయ యని అందమైన పేరు పెట్టిరి. ఆ పేరు తెలిసిన బాలిక తన రంగును లోపముగా తలచుటకు ముందు ఒకమారు ఆలోచించును. సరిహద్దు గ్రామములలో పిల్లలు అంగడిలో ఒడియాను, పుస్తకములలో ఆంగ్లమును ఎక్కువగా వినుచుందురు. నలుగు, సున్నిపిండి, కాటుకకాయ, కుంకుమభరిణె, పారాణి, జడకుచ్చులు అను మాటలు వారికి పాఠ్యపుస్తకములలో అంతగా దొరకవు. అద్దము ముందు తల్లి, అమ్మమ్మ, మేనత్తల నోట దొరకును. ఇంటిలో సున్నిపిండి మానినపుడు వస్తువుతో పాటు దాని పేరును మఱుగున పడును.

కావున ఈ ఆచారమును ఉన్నదున్నట్లు నిలుపుట గాక, దోషములను విడిచి గుణములను నిలుపుట యుక్తము. బావంచాలు, వక్క, సీసము కలిసిన పొడులు విడువదగినవి. పెసరపిండి, శుద్ధమైన కాటుక, మితమైన బొట్టు, దువ్విన తల, జడలో ఒక పూవు నిలుపదగినవి. వీనికి ఖర్చు స్వల్పము, కాలము పావుగంట. తల్లులు తమ కుమార్తెలకు ఈ పావుగంటను నేర్పినచో, తమ మేనివన్నెను తామే మెచ్చుకొను తరము గిరిసోల వంటి సరిహద్దు ఊళ్లలోను పెరుగునని ఆశింపవచ్చును.