మీకు తెలుసా? హీటర్ మార్చితే ఊరి ఆయుష్షు పెరిగింది

చలి కాచుకునే పద్ధతి మార్చుకున్నందుకు ఒక ఊళ్లో మరణాలు తగ్గాయని మీకు తెలుసా?

ఆ ఊరు టాస్మానియా దీవిలోని లాన్సెస్టన్. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగానికి దక్షిణాన, టామర్ నది లోయలో ఉంటుంది. చలికాలం రాత్రుళ్లు అక్కడ చల్లగాలి కింద పేరుకుంటే, పైన వెచ్చటి గాలి పొర లోయకు మూత పెట్టినట్టు పరుచుకుంటుంది. ఇంటింటి గొట్టం నుంచీ లేచిన కట్టెల పొగ ఎటూ పోలేక ఊరి మీదే ఉండిపోయేది. అప్పట్లో మూడిళ్లలో రెండిళ్లు కట్టెల హీటర్లవే మరి!

2001లో ప్రభుత్వం పూనుకుంది. కట్టెల హీటర్ తీసేసి కరెంటుది పెట్టుకునేవాళ్లకు డబ్బు సాయం చేసింది. కట్టెల హీటర్లున్న ఇళ్లు 66 శాతం నుంచి 30 శాతానికి తగ్గాయి. చలికాలంలో గాలిలోని పీఎం10 అనే సన్నని ధూళి ఘనపు మీటరుకు సగటున 44 మైక్రోగ్రాముల నుంచి 27కి దిగింది. అంతకుముందు ఆరున్నరేళ్లనూ, తర్వాతి ఆరున్నరేళ్లనూ పోల్చి చూస్తే మగవాళ్లలో ఊపిరితిత్తుల జబ్బుల మరణాలు దాదాపు 23 శాతం, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు 18 శాతం తగ్గాయి. ఆడవాళ్లలో తేడా అంత స్పష్టంగా కనబడలేదు. ఈ అధ్యయనం 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

కట్టె సహజమైనదే, దాని పొగ ఏం చేస్తుందిలే అనుకుంటాం. ఆ పొగలోనూ బెంజీన్ ఉంటుంది, ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగే సన్నని నుసి ఉంటుంది. పచ్చి కట్టె మరీ ప్రమాదం. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. పొయ్యిలో పెడితే కొసన బుస్సుమని నురగ కక్కుతుంది. మంట వేడిలో కొంత ఆ నీటిని మరిగించడానికే పోతుంది, పొగ పెరుగుతుంది. అందుకే ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి చిన్న మోపులుగా అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదన్నారు. ఎండిన కట్టెను గుర్తుపట్టడం తేలికే: కొసలు పగుళ్లిచ్చి ఉంటాయి, రెండింటిని తాటిస్తే టంగుమంటాయి.

చెట్టు పీల్చిన కార్బనే కదా తిరిగి గాలిలోకి పోయేది, కట్టె కాలిస్తే వాతావరణానికి నష్టం లేదన్న వాదన కూడా ఒకటుంది. లెక్క సరైనదే, కాలమే కలవదు. కట్టె గంటలో కాలిపోతుంది, దాని బదులు మరో చెట్టు ఎదగడానికి దశాబ్దాలు కావాలి.

మన ఆదిలాబాద్‌లో, అరకులో, లంబసింగిలో చలి కాచుకునేవాళ్లకు ఒక్క మాట. ఎర్రగా కణకణలాడే బొగ్గులకు పొగ రాదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా లేవు. తలుపులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకోబోయే ముందు కుంపటిని తప్పకుండా గది బయట పెట్టేయండి.