కొత్త చేపకు మీ నీళ్లు పడాలంటే

తొట్టిలో పాత చేపలు హాయిగా తిరుగుతుంటాయి. కొత్తగా తెచ్చి వేసినవి మాత్రం రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కటే పోతాయి. రోగం చేపలు అంటగట్టాడని షాపువాణ్ని తిట్టుకుంటాం. ఒక్కోసారి అదీ నిజమే. కానీ చాలాసార్లు తేడా నీళ్లలో ఉంటుంది. కవర్ని తొట్టిలో పావుగంట తేలేస్తే నీటి వేడి సమానమవుతుందే తప్ప, నీటి గుణం మారదు.

హైదరాబాద్‌నే చూడండి. కుళాయిలో కృష్ణా, గోదావరి నీళ్లు. అదే ఇంట్లో బోరు నీళ్లు. పప్పు ఉడకని, సబ్బు నురగ రాని, గీజరులో తెల్లటి పెచ్చు కట్టే నీళ్లంటే కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉన్నట్టు. నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. ఆర్ఓ మెకానిక్ జేబులో పెన్నులా ఉండే మీటరు చూపించేది దాన్నే. ఆర్ఓ నీళ్లలో 50 చూపిన మీటరు బోరు నీళ్లలో 1000 చూపినా ఆశ్చర్యం లేదు. తొట్టిలో ఇది ఇంకా పెరుగుతుంది. ఆవిరయ్యేది నీరు ఒక్కటే, లవణాలు తొట్టి నీళ్లలోనే మిగిలిపోతాయి. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోస్తుంటే అంకె నెలనెలా పైకి పోతుంది. పాత చేపలు ఆ అంకెతోపాటే మెల్లగా ఎక్కాయి. కొత్త చేపను మాత్రం నేరుగా పై మెట్టు మీద పడేస్తున్నాం.

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది కదా, ఉప్పు ఎక్కువున్న వైపుకే నీరు లాగబడుతుంది. మంచినీటి చేప ఒంట్లో బయటి నీటికన్నా ఉప్పు ఎక్కువ. అందుకే మొప్పల గుండా నీరు లోపలికి ఊరుతూనే ఉంటుంది, ఒంట్లోని లవణాలు బయటికి జారిపోతూ ఉంటాయి. చేప నీళ్లు తాగడం దాదాపు ఉండదు. వచ్చిన నీటిని మూత్రపిండాలు పల్చటి మూత్రంగా తోడేస్తుంటాయి, పోయిన లవణాలను మొప్పల్లోని కణాలు బయటి నీటిలోంచి ఏరుకుంటాయి. బయటి నీరు మారితే ఈ తోడటం, ఏరటం రెండింటి వేగమూ మారాలి. మొప్పల్లో ఆ కణాలు కొత్తగా పెరగాలి కూడా. అది గంటలో అయ్యే పని కాదు, రోజులు పడుతుంది. బోరు నీళ్ల చేపను ఒక్కసారిగా ఆర్ఓ నీళ్లలో వేయడం మరీ ప్రమాదం. లవణాలు జారిపోకుండా మొప్పలకు కొంత కట్టడి చేసేది కాల్షియమే, అక్కడ అది ఉండదు.

ఈ సంగతి మన కోస్తా రొయ్యల రైతులకు బాగా తెలుసు. వెనామీ పిల్లకు ఆర్డరిచ్చేటప్పుడే చెరువు నీటి ఉప్పు శాతం హేచరీకి చెబుతారు. హేచరీవాళ్లు రోజుకు కొంత చొప్పున ఉప్పు తగ్గించి, ఆ చెరువుకు అలవాటు చేశాకే ప్యాక్ చేస్తారు. గట్టు మీద మిగిలేది చివరి సర్దుబాటే.

అక్వేరియంవాళ్లు గొప్పగా చెప్పే బొట్టుబొట్టు పద్ధతి, అంటే ఎయిర్ ట్యూబుకు ముడి వేసి గంటసేపు తొట్టి నీళ్లను కవరు నీళ్లలోకి బొట్లుగా వదలడం, నా లెక్కలో ఆ చివరి సర్దుబాటు పాటిదే. దూరం నుంచి వచ్చిన చేపకైతే అది హాని కూడా చేయొచ్చు. మూసిన కవర్లో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోతుంది. అందువల్ల లోపల చేరిన అమ్మోనియా చాలావరకు హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉంటుంది. కవరు విప్పగానే ఆ కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి చేరితే విషపు అమ్మోనియా వాటా సుమారు పది రెట్లవుతుంది. గంటసేపు చేప నానేది ఆ నీళ్లలోనే. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన కవరైతే వేడి సమానం కాగానే విప్పి, చేపను వలతో తీసి వెంటనే వదలడమే మేలు. కవరు నీళ్లు తొట్టిలో పోయకండి.

మరి చేయాల్సిందేమిటి? కొనే ముందే షాపు తొట్టి టీడీఎస్ చూడండి, ఇంట్లో తొట్టిదీ చూడండి. రెండూ దగ్గరగా ఉంటే పేచీ లేదు. చాలా తేడా ఉంటే విడిగా ఒక టబ్బు పెట్టి, బోరు నీళ్లూ ఆర్ఓ నీళ్లూ కలిపి షాపు అంకెకు దగ్గరగా తెచ్చి, చేపను ముందు అందులో వేయండి. గాలి పంపు, ఇప్పటికే నడుస్తున్న ఫిల్టర్లోని స్పాంజి ముక్క తప్పనిసరి. తర్వాత రోజూ పదో వంతు నీళ్లు తీసి తొట్టి నీళ్లు పోస్తూ పోతే రెండు మూడు వారాల్లో తేడా చాలావరకు పోతుంది. రోగాలేమైనా ఉంటే ఆలోగానే బయటపడతాయి. కుళాయి నీళ్లు వాడితే క్లోరిన్ విరిచే మందు వేయాలి. బోరు నీళ్లను వాడే ముందు ఒక రోజు గాలి కొట్టించండి, అప్పుడే తోడిన నీటి పీహెచ్ నిలకడగా ఉండదు.

అసలు ఇంత శ్రమ అక్కర్లేని దారీ ఉంది. ఇంట్లో బోరు నీళ్లే గతి అయితే మోలీలు, గప్పీలు కొనుక్కోవడం. లవణాలున్న నీళ్లంటే వాటికి ఇష్టమే. అమెజాన్ మెత్తని నీళ్ల డిస్కస్ మీద మనసు పడితే మాత్రం ఆర్ఓ ఖర్చు కూడా చేప ధరలోనే కలిపి చూసుకోవాలి.