చక్రము పెద్దదైన ఏమగును?

మన పల్లెలలోని పాతకాలపు ఎడ్లబండి చక్రము చాలా పెద్దది. దాని ప్రక్కన నిలిచినచో అది ఇంచుమించు మన రొమ్ము వరకు వచ్చును. గతుకులు, రాళ్లు, బురద గల బాటపై నడువవలసిన బండికి పెద్ద చక్రమే మేలని మన వడ్రంగులు అనుభవము వలన ఏనాడో గ్రహించిరి.

కొండబాటలలోను, ఇసుకలోను, బురదలోను నడుచుటకై తయారైన జీపు జాతి వాహనములను కొన్నవారిలో పలువురు ఈనాడు అదే ఉద్దేశముతో కంపెనీ వేసిన టైర్లను తీసివేసి, అంతకంటె పెద్దవి వేయించుచున్నారు. పెద్ద టైరు లోపలి భాగములకు రాచుకొనకుండుటకై చక్రమునకును, అది బిగించబడు హబ్బునకును మధ్య ఒక మందపాటి లోహపు బిళ్లను కూడ అమర్చుదురు. దీనినే స్పేసరు అందురు.

చూచుటకు ఇది చిన్న మార్పు. కాని ఇందులో రెండు పొడవులు మారుచున్నవి. మొదటిది చక్రపు వ్యాసార్ధము. రెండవది హబ్బు నుండి చక్రము ఉన్న దూరము. వాహనమునకు సంబంధించిన లెక్కలలో దాదాపు అన్నింటిలోను ఈ రెండింటిలో ఏదో ఒకటి చోటు చేసికొనును. కావున ఒకచోట లాభము కలిగినపుడు మరియొకచోట దానికి మూల్యము చెల్లించక తప్పదు. ఆ మూల్యమెంతో ఉన్నత పాఠశాల గణితము తెలిసినవారెవరైనను లెక్కించి చూడవచ్చును.

టైరుపై నున్న అంకెలు

టైరు ప్రక్కభాగమున 245/75 ఆర్ 16 వంటి అంకెలు అచ్చుపోసి ఉండును. 2020లో వెలువడిన మహీంద్రా థార్ వాహనములో ఒక రకమునకు ఈ కొలతగల టైర్లే వచ్చినవి. ఇందు 245 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అనగా రిమ్ము అంచు నుండి నేలను తాకు భాగము వరకు గల ఎత్తు, వెడల్పులో నూటికి 75 వంతులని అర్థము. ఆర్ అను అక్షరము టైరులోని దారముల అల్లిక పద్ధతిని, అనగా రేడియల్ రకమును, తెలుపును. 16 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో.

ఇక లెక్క సులభము. 245లో నూటికి 75 వంతులు 183.75 మి.మీ. ఈ ఎత్తు రిమ్మునకు పైన, క్రింద కూడ ఉండును గనుక దానిని రెండింతలు చేసిన 367.5 వచ్చును. 16 అంగుళములు 406.4 మి.మీ. ఈ రెండును కలిపిన చక్రపు వ్యాసము 774 మి.మీ. అగును. దీనికి బదులు 285/75 ఆర్ 16 టైరును వేసినచో, అదే విధముగా లెక్కించగా వ్యాసము 834 మి.మీ. వచ్చును. అనగా వ్యాసము 60 మి.మీ., వ్యాసార్ధము 30 మి.మీ. పెరిగినవి. రెండు వ్యాసముల నిష్పత్తి 1.0775. ఈ సంఖ్యను పాఠకులు గుర్తుంచుకొన కోరుచున్నాను. ముందు చెప్పబోవు లెక్కలలో ఇది తరచుగా వచ్చును.

లాభములు

మొదటి లాభము నేల నుండి బండి అడుగుభాగము ఎత్తు. వ్యాసము 60 మి.మీ. పెరిగినను ఇరుసు లేచునది దానిలో సగము, అనగా 30 మి.మీ. మాత్రమే.

రెండవది అడ్డంకిని ఎక్కుట. 10 సెంటీమీటర్ల ఎత్తుగల రాయి చక్రమునకు అడ్డు వచ్చినదనుకొందము. చక్రము రాతి అంచును తాకిన బిందువు చుట్టూ రెండు బలములు పనిచేయుచుండును. చక్రముపై పడు బరువు దానిని వెనుకకు త్రిప్ప జూచును. ఇరుసును ముందుకు లాగు బలము దానిని రాతిపైకి ఎక్కించ జూచును. లాగు బలమునకు భ్రామక బాహువు వ్యాసార్ధము నుండి రాతి ఎత్తును తీసివేయగా మిగిలినది. బరువునకు భ్రామక బాహువును పైథాగరస్ సిద్ధాంతముచే కనుగొనవచ్చును. 387 మి.మీ. వ్యాసార్ధము గల చక్రమునకు ఈ బాహువులు 287, 260 మి.మీ. కావున చక్రముపై గల బరువులో 0.90 వంతు బలముతో లాగిననే గాని అది రాయిని ఎక్కదు. 417 మి.మీ. వ్యాసార్ధము గల చక్రమునకు 0.85 వంతు చాలును. ఎడ్లబండి చక్రపు వ్యాసార్ధము 700 మి.మీ. అనుకొన్నచో 0.60 వంతే చాలును. పల్లె వడ్రంగి అనుభవములోని రహస్యమిదియే.

మూడవ లాభమును గూర్చి ఒక అపోహ కలదు. టైరు పెద్దదైనంత మాత్రమున నేలపై ఆనికొను వైశాల్యము అదే నిష్పత్తిలో పెరుగునని పలువురు తలంతురు. నిజమునకు ఆ వైశాల్యము ముఖ్యముగా టైరులోని గాలి పీడనముపై ఆధారపడును. ఒక చక్రముపై 5,000 న్యూటన్ల బరువు పడుచున్నదనుకొందము. టైరులో పీడనము 200 కిలోపాస్కలులైనచో ఆ బరువును మోయుటకు సుమారు 250 చదరపు సెంటీమీటర్ల వైశాల్యము కావలెను. పీడనమును 20 కిలోపాస్కలులకు దించినచో ఈ లెక్క ప్రకారము 2,500 చదరపు సెంటీమీటర్లు కావలెను. ఎత్తైన ప్రక్కగోడలు గల పెద్ద టైరు అంత తక్కువ గాలితో కూడ రిమ్ము నేలకు తగులకుండ బండిని మోయగలదు. పెద్ద టైరు వలన కలుగు అసలు మేలు ఇదే.

దీనికి చక్కని నిదర్శనము ఐస్‌లాండు. అచటి హిమానీనదములపై మంచులో ప్రయాణించు జీపులకు 38, 44 అంగుళముల వ్యాసము గల టైర్లను వేసి, గాలిని చదరపు అంగుళమునకు మూడు నాలుగు పౌన్ల వరకు దించి నడుపుదురు. అపుడు టైరు చదునై, చక్రము మంచులో దిగబడక పైననే తేలుచున్నట్లు సాగును. 1996 నాటి ఉత్తర అయస్కాంత ధ్రువ స్థానమునకు 2007లో బ్రిటిష్ టెలివిజన్ బృందమొకటి టయోటా హైలక్స్ వాహనములలో చేరుకొనెను. ఆ వాహనములను సిద్ధపరచినది ఆర్కిటిక్ ట్రక్స్ అను ఐస్‌లాండు సంస్థయే. అయితే ఇట్టి బండ్లను సిద్ధము చేయువారు టైర్లను మాత్రమే మార్చి ఊరకుండరు. ఇరుసులోని గేర్లను, చక్రములపై కప్పులను, సస్పెన్షనును కూడ తగినట్లు మార్చుదురు. ఎందులకో ఇపుడు చూతము.

తప్పు చూపు మీటరు

వాహనపు స్పీడోమీటరు నేలను చూడదు. అది భ్రమణములను మాత్రమే లెక్కించును. 774 మి.మీ. చక్రము ఒక చుట్టునకు 2.43 మీటర్లు పోవును. కిలోమీటరునకు 411 చుట్లు తిరుగును. 834 మి.మీ. చక్రము చుట్టునకు 2.62 మీటర్లు పోవును. దానికి 382 చుట్లు చాలును. చుట్లు తగ్గినవి గనుక మీటరు తక్కువ వేగమును చూపును. అది గంటకు 60 కిలోమీటర్లని చూపునపుడు పాత లెక్కను 1.0775చే హెచ్చించిన 64.6, 80 చూపునపుడు 86.2 అగును. కంపెనీలు సాధారణముగా మీటరు నిజవేగము కంటె కొంచెము ఎక్కువ చూపునట్లు అమర్చును గనుక ఈ తేడాలో కొంత దానిలో కలిసిపోవచ్చును. అయినను ఆ జాగ్రత్త మాత్రము మనకు దక్కకుండ పోవుచున్నది.

ఇంజను, బ్రేకులు

ఇంజను చక్రమునకు ఇచ్చునది త్రిప్పు బలము, అనగా టార్కు. నేలపై బండిని ముందుకు నెట్టు బలము ఆ టార్కును వ్యాసార్ధముచే భాగించగా వచ్చును. టార్కు మారక వ్యాసార్ధము 1.0775 రెట్లైనచో నెట్టు బలము నూటికి 7 వంతులు తగ్గును. ఏ కొండ ఎక్కుటకు పెద్ద టైర్లు వేయించితిమో ఆ కొండపైననే ఇంజను నీరసించును. దీనిని సరిచేయవలెనన్న ఇరుసులోని గేర్ల నిష్పత్తిని అంత మేరకు పెంచవలెను. ఉదాహరణకు అది 4.10 అయినచో ఇంచుమించు 4.42 కావలెను.

బ్రేకుల విషయము ఇంతకంటె గంభీరమైనది. బ్రేకు కూడ చక్రముపై టార్కునే ప్రయోగించును. కావున అదే పెడలు ఒత్తిడికి నేలపై కలుగు నిరోధము కూడ నూటికి 7 వంతులు తగ్గును. దీనికి తోడు పెద్ద టైరు బరువుగా ఉండును. ఆ బరువు ఎక్కువగా చక్రపు అంచున ఉండును. అంచుననున్న ఒక కిలోగ్రాము బండితో పాటు ముందుకు పోవుటయే గాక చుట్టూ తిరుగుచుండును గనుక దాని గతిజ శక్తి, బండిలో పెట్టిన ఒక కిలోగ్రాము సామానుకు గల గతిజ శక్తికి రెండింతలుండును. నాలుగు టైర్లలో ఒక్కొక్కదాని అంచున 6 కిలోగ్రాములు పెరిగినచో, వేగము పుంజుకొనునపుడును, ఆగునపుడును 48 కిలోగ్రాముల సామాను అదనముగా ఎక్కించినట్లే లెక్క.

స్పేసరు చేయు పని

30 మి.మీ. మందముగల స్పేసర్లను ఇరువైపుల వేసినచో ఎడమ, కుడి చక్రముల నడిమి దూరము 60 మి.మీ. పెరుగును. ఇందు ఒక మేలు కలదు. బండి ప్రక్కకు దొర్లకుండ నిలుచు శక్తి, చక్రముల నడిమి దూరములో సగమును గురుత్వ కేంద్రపు ఎత్తుచే భాగించగా వచ్చు సంఖ్యపై ఆధారపడును. ఆ దూరము 1,520 మి.మీ., గురుత్వ కేంద్రపు ఎత్తు 760 మి.మీ. అనుకొన్నచో ఈ సంఖ్య 1.00. పెద్ద టైర్ల వలన ఎత్తు 790 అయినచో సంఖ్య 0.96కు దిగును. స్పేసర్లు వేసి దూరమును 1,580 చేసినచో అది తిరిగి 1.00 అగును. టైరు తీసికొనిన స్థిరత్వమును స్పేసరు తిరిగి ఇచ్చినదన్నమాట.

కాని ఆ భారమును ఇపుడు మోయునది చక్రపు బేరింగు. చక్రము 30 మి.మీ. బయటికి జరిగినపుడు 5,000 న్యూటన్ల బరువు 150 న్యూటన్-మీటర్ల అదనపు భ్రామకమును దానిపై కలిగించును. గుంతలో పడినపుడు ఇది అనేక రెట్లు కావచ్చును. బాల్ బేరింగుల ఆయువు వానిపై పడు భారపు ఘనమునకు విలోమానుపాతములో ఉండును. భారము పదవ వంతు పెరిగినచో ఆయువు నాలుగవ వంతు తరుగును. ఐదవ వంతు పెరిగినచో ఆయువులో నూటికి 58 వంతులే మిగులును.

స్టీరింగునకు కూడ దీని ప్రభావము కలదు. ముందు చక్రము మలుపు తిరుగు అక్షము నేలను ఒకచోట తాకును. టైరు మధ్యభాగము మరియొకచోట తాకును. స్పేసరు ఈ రెండింటి నడుమ గల దూరమును పెంచును. ఒక చక్రము రాతికి కొట్టుకొన్నపుడు ఆ దూరము సన్నకోల వలె పనిచేసి స్టీరింగును చేతిలో విదిలించును. కొండబాటలో ఇది ప్రమాదకరము.

చక్రము ఊడిపోవుట ఎట్లు?

అన్నిటికంటె ముఖ్యమైనది బోల్టుల సంగతి. చక్రపు బరువును బోల్టులు కొక్కెములవలె మోయుచున్నవని సాధారణముగా అనుకొందురు. అది సరికాదు. నట్టును బిగించినపుడు బోల్టు కొంచెము సాగి, చక్రమును హబ్బునకు అదిమి పట్టును. ఆ అదుము వలన కలుగు ఘర్షణయే చక్రమును జారనీయకుండ పట్టి ఉంచును. 12 మి.మీ. బోల్టుపై నట్టును 110 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగించినచో సుమారు 46,000 న్యూటన్ల అదుము కలుగును. నట్టు సడలి ఈ అదుము పోయినచో చక్రము లోలోపల కదలును. బోల్టు ప్రతి చుట్టునకు అటునిటు వంగుచు అలసి, కడకు తెగును.

స్పేసర్లు రెండు రకములు. ఒకటి బోల్టులకు తొడుగు ఒట్టి బిళ్ల. అది ఎంత మందమో అంత మేరకు నట్టునకు దొరుకు మర తగ్గును. కనీసము బోల్టు వ్యాసమంత పొడవున మర పట్టని నట్టును నమ్మరాదు. రెండవ రకము హబ్బునకు విడిగా బిగించబడి, తన సొంత బోల్టులపై చక్రమును మోయును. ఇది మేలైనదే గాని, బిగింపు వరుస ఒకటికి రెండగును. స్పేసరును బిగించిన లోపలి నట్లు చక్రము విప్పిననే గాని కనబడవు. కావున స్పేసరు హబ్బు మధ్యనున్న గూడులో వదులు లేకుండ కూర్చుండవలెను. నట్లను టార్కు రెంచితోనే బిగించవలెను. నూరు కిలోమీటర్లు నడిపిన పిమ్మట చక్రము విప్పి మరల సరిచూడవలెను. ఒకదానిపై ఒకటిగా రెండు స్పేసర్లను ఎన్నడును వేయరాదు. ఊడిన చక్రము రోడ్డుపై బండి వేగముతోనే దొర్లిపోవును. బండిలోని వారికే గాక దారిన పోవు వారికి కూడ అది ప్రాణాంతకము.

చట్టము

మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయమును స్పష్టపరచినది. ఐస్‌లాండులో ఇట్టి బండ్లను ప్రత్యేకముగా తనిఖీ చేసిన పిమ్మటనే రోడ్డుపైకి అనుమతింతురు. కావున టైర్లు మార్చదలచిన వారు తమ వాహనమునకు కంపెనీ ఆమోదించిన కొలతలను చూచి, రవాణా కార్యాలయములో విచారించి, ఆ తరువాతనే పనికి పూనుకొనవలెను. తెలియజేయని మార్పులున్నచో బీమా పరిహారమునకు కూడ చిక్కు రావచ్చును.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును సైకిలుతో సులభముగా చూపవచ్చును. పెద్దవారి సైకిలు, పిల్లల సైకిలు తెచ్చి, టైర్లపై సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఒక్కొక్క చుట్టులో ఎంత దూరము పోవునో నేలపై కొలిపించవలెను. ఆ కొలతల నుండి వ్యాసములను లెక్కగట్టి, స్కేలుతో కొలిచిన వ్యాసములతో పోల్చి చూడవలెను. పిమ్మట ప్రతి విద్యార్థియు తన ఇంటనున్న స్కూటరు లేక కారు టైరుపై అంకెలను వ్రాసికొని వచ్చి, దాని వ్యాసమును కనుగొని, ఆ చక్రము ఒక కిలోమీటరులో ఎన్ని చుట్లు తిరుగునో లెక్కించవచ్చును. స్కేలుతో కొలిచిన వ్యాసమునకును, అంకెల నుండి వచ్చిన వ్యాసమునకును కొద్ది తేడా కనిపించినచో, టైరు ఎంత అరిగినదో, గాలి ఎంత ఉన్నదో పరిశీలించుట ఆ పాఠములో తరువాతి మెట్టు.