నిమ్మరసానికి పొంగిన ఇసుక

రండర్రా, ఇలా కూర్చోండి. మాఘ పౌర్ణమి వెళ్ళిన రెండో నాడు మీ నాయనమ్మా నేనూ అండమాన్‌లో ఒక రోజంతా ఏ పనీ పెట్టుకోకుండా గడిపాం. ఆ ఒక్క రోజులో ఎన్ని వింతలు చూశామో చెబుతాను.

మేం దిగింది హేవలాక్ దీవిలో. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, చాలామంది నోట ఇంకా హేవలాకే. తూర్పు ఒడ్డున, కొబ్బరిచెట్ల మధ్య చిన్న కుటీరం ఇచ్చారు. తెల్లారి ఐదూ ముప్పావుకల్లా కళ్ళలో ఎండ! "గడియారం తప్పిందేమో చూడండి, కాకినాడలో ఈ వేళకి ఇంకా చీకటే కదా" అంది మీ నాయనమ్మ. గడియారం సరిగ్గానే ఉంది. మన దేశమంతటికీ టైము లెక్కగట్టే గీత 82½ డిగ్రీల రేఖాంశం. అది మన కాకినాడ పక్కగానే పోతుంది. హేవలాక్ ఉన్నది 93 దగ్గర. భూమి ఒక్క డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. తేడా పదిన్నర డిగ్రీలు, అంటే 42 నిమిషాలు. సూర్యుడు ముందు వాళ్ళ గుమ్మం తొక్కి, ఆ తరవాతే మన గుమ్మంలోకి వస్తాడు. గడియారం మాత్రం ఇద్దరికీ ఒకటే.

బయటికొచ్చి చూస్తే సముద్రం లేదు! రాత్రి మంచమెక్కేటప్పుడు అలల చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. పొద్దున్నకి ఎంతో దూరం రాళ్ళూ పాచీ నీటిగుంటలూ తప్ప ఏమీ లేవు. గుంటల్లో వేలెడు చేపలు మళ్ళీ నీళ్ళెప్పుడొస్తాయా అని కాచుక్కూచున్నాయి. అక్కడి పడవవాళ్ళు తొందరేమీ పడరు. మధ్యాహ్నానికి పోటు వస్తుందని వాళ్ళకి తెలుసు. ఆటుకీ పోటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. రేపటి పోటు ఇవాళ్టికన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఎందుకూ? నీటిని ఎక్కువగా లాగేది చంద్రుడు. మనం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆయన కాస్త ముందుకి జరిగి ఉంటాడు, ఆయన్ని అందుకోడానికి ఇంకో 50 నిమిషాలు పడుతుంది. చంద్రోదయం రోజురోజుకీ ఆలస్యమయ్యేదీ అందుకే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, రాత్రికి మళ్ళీ పనికొస్తుంది.

ఇడ్లీలు వడ్డించినాయన మాట వినగానే ఉద్దానం యాస పట్టేసింది మీ నాయనమ్మ. శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. అరగంట వాళ్ళ కబుర్లే.

తరవాత ఆటో మాట్లాడుకుని పడమటి ఒడ్డుకి, రాధానగర్ బీచికి వెళ్ళాం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచి అని రాసింది దీన్నే. ఆకాశాన్నంటే అడవి చెట్లు, వాటి కిందినుంచి మొదలై నీళ్ళదాకా తెల్లటి ఇసుక. నడిమధ్యాహ్నం చెప్పులు విడిచి నడిచినా కాళ్ళు చురుక్కుమనలేదు. తెలుపు ఎండని వెనక్కి తోసేస్తుంది కదా!

కొబ్బరిబొండాల బండి దగ్గర ఒక నిమ్మచెక్క అడిగి తీసుకున్నాను. మెత్తటి ఇసుక చిటికెడు అరచేతిలో పోసుకుని నాలుగు చుక్కలు పిండాను. రసం తగిలిన చోటల్లా సన్నటి బుడగలు! మీ నాయనమ్మ వంగి చూసి, "ఇదేమిటి, ఇసుక పొంగుతోంది" అంది. మన గోదారి ఇసుక మీద సీసాడు నిమ్మరసం పోసినా పొంగదు. ఎందుకంటే అది ఎక్కువగా కొండరాళ్ళు అరిగి మిగిలిన పలుగురాయి పొడి. ఇది రాయి కాదు. పగడాలూ గవ్వలూ నత్తగుల్లలూ నలిగి నుగ్గైన పిండి. పూర్వం తాంబూలంలోకీ గోడలకీ గుల్ల సున్నం వాడేవారం. ఆ గుల్లల్లో ఏముందో ఈ ఇసుకలోనూ అదే ఉంది, కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలితే అందులోంచి బొగ్గుపులుసు వాయువు బుడగలై పైకొస్తుంది.

ఇంత పిండి ఎవరు విసిరారూ? అలలు కొంత. చిలుకచేప అని ఇంకో పనివాడున్నాడు. చిలుకముక్కులాంటి పళ్ళతో పగడపు రాతిని కొరికి, మీద ఉన్న పాచిని అరిగించుకుని, రాతిని మెత్తటి ఇసుక చేసి వెనకనుంచి వదిలేస్తాడు. పెద్ద చేప ఒక్కటి ఏడాదికి కొన్ని వందల కిలోల ఇసుక తయారుచేస్తుంది. వినడానికి రోతగా ఉందా? నాకైతే ఆ ఇసుక మీద గౌరవం పెరిగింది. ఎన్ని తరాల ప్రాణులు కలిస్తే ఆ తెలుపు వచ్చిందో!

ఇందులోనే ఒక దిగులూ ఉంది. మనం వదిలే పొగలోని బొగ్గుపులుసు వాయువులో కొంత సముద్రంలో కరుగుతోంది. సముద్రం నిమ్మరసంలా పుల్లగా ఏమీ అయిపోదు గానీ, ఆ కొద్ది మార్పుకే పగడాలకి గూడు కట్టుకోవడం కష్టమవుతుంది. పైగా నీళ్ళు వేడెక్కితే, తమలో ఉండి తిండిపెట్టే పాచిని పగడాలు వదిలేసుకుని పాలిపోతాయి. 2010లో అండమాన్ పగడాలు అలాగే పెద్దఎత్తున తెల్లబోయాయి.

ఇక ఈత. మీ నాయనమ్మ చిన్నప్పుడు పుట్టింటి కాలవలో నేర్చింది, ఇప్పటికీ మరవలేదు. వెల్లకిలా పడుకుంటే ఇక్కడ తేలిక అంటుంది. నిజమే. సముద్రపు నీళ్ళు లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు మోస్తాయి, అందుకే మంచినీళ్ళకన్నా రెండున్నర శాతం బరువు. అరవై కిలోల మనిషిని ఆ ఉప్పు అదనంగా ఒకటిన్నర కిలో పైకెత్తుతుంది. జెండాలు పాతిన హద్దు దాటి మాత్రం మేం పోలేదు. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. ఒడ్డున కాపలా ఉన్నవాళ్ళు వద్దన్న చోట దిగకూడదు, అంతే.

గంటసేపు నీళ్ళలో ఉంటే వేళ్ళు ముడతలు పడ్డాయి. నానిపోయి అనుకుంటారు గానీ కాదు. నరం తెగిన వేలు ఎంతసేపు నీళ్ళలో ఉంచినా ముడతపడదని వైద్యులు ఏనాడో గమనించారు. నరాలే చర్మం కింది రక్తనాళాలని సన్నగిల్లజేసి ఆ ముడతలు తెప్పిస్తాయి. తడివస్తువు జారకుండా పట్టు చిక్కడానికేనని చాలామంది అభిప్రాయం.

ఐదున్నర కాకుండానే పొద్దు గుంకింది. చీకటిపడ్డాక పడవల రేవు మెట్ల మీద కూచున్నాం. పౌర్ణమి వెళ్ళి రెండు రోజులు కదా, ఏడింటిదాకా చంద్రుడు రాడు. ఆ ఒక్క గంట చీకటీ మాకు దక్కింది. నీళ్ళలో చెయ్యి ఆడించేసరికి మీ నాయనమ్మ వేళ్ళ చుట్టూ నీలిమెరుపులు! కంటికానని ప్రాణులవి. కదిపితే చాలు, వాటి ఒంట్లో రెండు రసాయనాలు కలిసి మిణుగురులా వెలుగుతాయి, వేడి మాత్రం ఉండదు. చంద్రుడు పైకొచ్చేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

గదికొచ్చి, సాయంత్రం ఏరుకున్న గవ్వని బల్లమీద పెట్టింది. కాసేపటికి ఆ గవ్వ నడిచింది! లోపల పీత. హెర్మిట్ క్రాబ్ అంటారు. దాని వెనక భాగం మెత్తన, పెంకుండదు. చచ్చిన నత్త విడిచిన గుల్లే దానికి ఇల్లు. పెరిగేకొద్దీ పెద్ద గుల్ల వెతుక్కోవాలి. ఒక్కోసారి పీతలన్నీ చిన్నాపెద్దా వరసన నిలబడి, పెద్దది కొత్త గుల్లలోకి మారగానే దాని పాతింట్లోకి తరవాతది, దాని ఇంట్లోకి ఇంకోటి మారతాయి. మీ నాయనమ్మ అప్పటికప్పుడే టార్చి పట్టుకుని ఒడ్డుకెళ్ళి దాన్ని దింపేసి వచ్చింది. సంచిలో ఉన్న ఖాళీ గుల్లలు కూడా అక్కడే పోసేసింది.

పగడం ముక్క తెచ్చుకోవడం ఎలాగూ నేరమే, 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళ్తే నిమ్మచెక్క పట్టుకెళ్ళండి, ఇసుకని పొంగించి చూడండి. గుల్లలు మాత్రం, ఖాళీవైనా సరే, ఒడ్డునే ఉంచి రండి.