ఫోటో కింద రెండు వరుసలు

మా ఇంట్లో ఒక ఇనుప ట్రంకుపెట్టె ఉంది. నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా అది మాతోపాటే బయలుదేరుతుంది. కొత్తవలస–కిరండూల్ రైల్లో అరకు సొరంగాలన్నీ దాటి బస్తర్‌కు కూడా వచ్చింది. దాని అడుగున పాత చీర ముక్కలో చుట్టిన ఒక పేపర్ కటింగ్ ఉంటుంది. ఒక భవనం మెట్ల మీద ఏడుగురు నిలబడి ఉన్న ఫోటో అది. ఎడమ నుంచి మూడో ఆయన మా తాతయ్య.

మిగతా ఆరుగురు ఎవరో, ఆ భవనం ఎక్కడిదో, అది ఏ సంవత్సరమో ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయనమ్మ ఆ ఫోటోను అంచుల వెంట ఎంతో నేర్పుగా కత్తిరించి దాచింది. ఫోటో కింద ఉన్న రెండు వరుసల అక్షరాలు మాత్రం కత్తెరకు అవతలే ఉండిపోయాయి. అడుగుదామంటే ఇప్పుడు తాతయ్యా లేరు, నాయనమ్మా లేదు.

పత్రికల్లోకి ఫోటోలు ఎలా వచ్చాయి, అవి ఎలా పాడవుతాయి, వాటిని ఎలా కాపాడుకోవాలి అని నేను తెలుసుకోవడం మొదలుపెట్టింది ఆ కటింగ్ వల్లే.

చుక్కలతో బొమ్మ

కెమెరాతో ఫోటో తీసే పద్ధతి 1839లోనే లోకానికి తెలిసింది. కానీ ఆ తర్వాత నలభై ఏళ్ల దాకా దినపత్రికల్లో ఫోటోలు అచ్చు కాలేదు. కారణం అచ్చు యంత్రమే. అది కాగితం మీద సిరా వేయగలదు, లేదా వేయకుండా వదిలేయగలదు. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే బూడిద రంగు ఛాయలు దానికి చేతకావు. అందుకని చిత్రకారులు ఫోటోను చూసి చెక్క మీద గీతలుగా చెక్కేవారు. ఆ చెక్కతో బొమ్మ అచ్చేసేవారు.

దీనికి దొరికిన ఉపాయం హాఫ్‌టోన్. సన్నని గళ్లున్న తెర గుండా ఫోటోను మళ్లీ ఫోటో తీస్తే బొమ్మంతా చుక్కలుగా విడిపోతుంది. నల్లగా ఉన్న చోట పెద్ద చుక్కలు, తెల్లగా ఉన్న చోట చిన్న చుక్కలు పడతాయి. సిరా ఒక్కటే అయినా దూరం నుంచి చూసే మన కంటికి బూడిద రంగు కనిపిస్తుంది. 1880 మార్చి 4న న్యూయార్క్‌లోని 'డైలీ గ్రాఫిక్' దినపత్రిక ఈ పద్ధతిలో ఒక మురికివాడ ఫోటోను అచ్చువేసింది. ఈ రోజు పేపర్‌ను భూతద్దంతో చూడండి, ఆ చుక్కలు మీకూ కనిపిస్తాయి.

మన పత్రికల్లో చాలాకాలం దీన్ని 'బ్లాకు' అనేవారు. జింకు రేకు మీద ఆమ్లంతో చుక్కలను చెక్కి, ఆ రేకును చెక్కకు బిగించి, సీసపు అక్షరాల పక్కన పెట్టి అచ్చువేసేవారు. బ్లాకు చేయించడానికి సమయమూ డబ్బూ కావాలి. అందుకే పాత తెలుగు పేపర్లలో ఫోటోలు తక్కువ. ఉన్నవి కూడా ఎక్కువగా నాయకులవే. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలైంది. తర్వాతి కాలంలో పత్రికలకు జిల్లా అనుబంధాలు వచ్చాక ఊళ్లలోని మామూలు మనుషుల ముఖాలు కూడా పేపర్‌లోకి ఎక్కాయి.

పేరు లేని ఫోటోలు

మన దేశంలో తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయ్ వ్యారావాలా. 1913లో గుజరాత్‌లోని నవ్‌సారీలో పుట్టారు. 1947 ఆగస్టులో ఢిల్లీలో జరిగిన స్వాతంత్ర్య వేడుకలను ఆమె ఫోటోలు తీశారు. 2011లో ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చారు. అంతటి ఆమె తీసిన తొలి ఫోటోలు బొంబాయి పత్రికలో భర్త పేరుతో అచ్చయ్యాయి! ఈ సంగతి తర్వాత నమోదైంది కాబట్టి అవి ఎవరివో మనకు తెలుసు. నమోదు కాకపోయి ఉంటే ఆ ఫోటోలు ఈనాటికీ మరొకరి ఖాతాలోనే ఉండేవి.

ఇక మనం ఉంటున్న బస్తర్ సంగతి. 1943 బెంగాల్ కరువు ఫోటోలను 'పీపుల్స్ వార్' పత్రిక ద్వారా దేశానికి చూపిన సునీల్ జానా 1940లలో ఇక్కడికి కూడా వచ్చారు. గిరిజనుల జీవితం గురించి రాసిన వెరియర్ ఎల్విన్ స్నేహంతో ఈ అడవుల్లో తిరిగి మురియా, మారియా ప్రజల ఫోటోలు తీశారు. ఆయన తీసిన గిరిజనుల ఫోటోలు 1993లో 'ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా' అనే పుస్తకంగా వచ్చాయి. ఆ కాలంలో గిరిజనులను తీసిన ఫోటోలు చాలావాటి కింద తెగ పేరు ఉంటుంది, ప్రాంతం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ ముఖాన్ని గుర్తుపట్టగల మనవలు ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉండవచ్చు. కానీ వాళ్లను వెతకడానికి ఆధారమేది?

దీనికి భిన్నంగా నారాయణ్‌పూర్ దగ్గర గఢ్‌బెంగాల్ గ్రామానికి చెందిన చెంద్రూ కథ చూడండి. స్వీడన్ దర్శకుడు అర్నే సుక్స్‌డోర్ఫ్ ఇక్కడ తీసి 1957లో విడుదల చేసిన సినిమాలో చెంద్రూ నటించాడు. అర్నే భార్య ఆస్ట్రిడ్ ఆ బాలుడినీ పులినీ ఫోటోలు తీసి, అతని పేరుతోనే పుస్తకం వేశారు. చెంద్రూ 2013లో చనిపోయేదాకా తన ఊళ్లో పేదగానే బతికాడు. ఫోటో అతని కష్టం తీర్చలేదు. కానీ పేరూ ఊరూ తెలుసు కాబట్టే, ఏళ్లు గడిచినా విలేఖరులు అతని ఇల్లు వెతుక్కుంటూ రాగలిగారు.

ఫోటోలకు శత్రువులు

ఫోటో కూడా వయసు మీద పడే వస్తువే. మొదట్లో నెగెటివ్‌లు గాజు పలకల మీద ఉండేవి, చేయి జారితే పగిలిపోయేవి. తర్వాత వచ్చిన నైట్రేట్ ఫిల్మ్ సులభంగా అంటుకుంటుంది. దాని స్థానంలో వచ్చిన ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ పాడై, వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. పేపర్ కటింగ్‌కు శత్రువు దానిలోనే ఉంది. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ అనే కలప పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ దానివల్ల కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. వీటన్నిటికీ తోడు బస్తర్ వానాకాలం! నెలల తరబడి ఉండే తేమకు ఫోటోల మీద బూజు పడుతుంది.

పెద్ద సంస్థలు ఈ శత్రువులతో పోరాడుతూనే ఉన్నాయి. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. హోమాయ్ ఫోటోలను ఢిల్లీలోని అల్కాజీ ఫౌండేషన్ భద్రపరుస్తోంది. తెలుగు పత్రికల పాత సంచికలను ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత తెలుగు పేపర్లు ఇప్పటికీ ఉన్నాయి.

మనం చేయగలిగింది

మన ఇంటి ఫోటోలకు ఏ సంస్థా కాపలా ఉండదు. పైగా మనం మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారేవాళ్లం. ప్రతి బదిలీలో కొన్ని పోతాయి. కాబట్టి ఈ పనులు మనమే చేయాలి.

పేపర్ కటింగ్ తీసేటప్పుడు కింది వాక్యాలతో సహా కత్తిరించండి. పత్రిక పేరు, తేదీ ఒక విడి కాగితం మీద రాసి కలిపి ఉంచండి. ఫోటో వెనక బాల్‌పెన్‌తో రాయకండి, సిరా ఇవతలికి దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర తేలిగ్గా రాయండి. జిగురు, సెల్లోటేపు వాడకండి. అంటుకునే పేజీల ఆల్బమ్‌లు కూడా ఫోటోలను పాడుచేస్తాయి. ట్రంకుపెట్టెను తేమ పట్టే గోడకు ఆనించకండి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు అందులో వేయండి. కటింగ్‌కు రెండు వైపులా ఫోటో తీసి, ఆ ఫైలుకు తేదీ, ఊరు, మనుషుల పేర్లు పెట్టండి. ఒక కాపీ మరో ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచండి.

ఇంకొకటి. జగదల్‌పూర్ దసరాలోనో, వారపు సంతలోనో ఎవరి ఫోటో అయినా తీయాలనుకుంటే ముందు వాళ్లను అడగండి. వాళ్లు సరేనంటే పేరు, ఊరు కూడా కనుక్కుని రాసుకోండి. "బస్తర్ గిరిజన మహిళ" అని రాసి ఊరుకోవద్దు. మన అమ్మమ్మ ఫోటో కింద "ఒక ఆంధ్ర మహిళ" అని మాత్రమే ఉంటే మనకెలా ఉంటుంది?

ఈ వ్యాసం రాస్తూ మా కటింగ్‌ను మొదటిసారి వెనక్కి తిప్పి చూశాను. వెనక వరుసలు వరుసలుగా అంకెలున్నాయి. అవి పరీక్ష ఫలితాల నంబర్లని అమ్మ చెప్పింది. అంటే అది వేసవి సెలవుల రోజుల్లో వచ్చిన పేపర్ అయి ఉండాలి. సంవత్సరం ఇంకా తెలియదు. ఈసారి సెలవులకు విశాఖ వెళ్లినప్పుడు అక్కడి గ్రంథాలయంలో పాత పేపర్లు తిరగేద్దామని నాన్నగారు అన్నారు. ఆ మెట్ల మీద తాతయ్య పక్కన నిలబడ్డ ఆరుగురి పేర్లు ఏదో ఒక పేజీలో ఇంకా ఉండే ఉంటాయి.