గేరు నూనెకు పేరు కాదు, తీరు ముఖ్యం

కారు కొనేటప్పుడు మనవాళ్ళు చూడని సంగతి ఉండదు. రంగు చూస్తారు, మైలేజి అడుగుతారు, అమ్మమ్మగారిని వెనక సీటులో కూర్చోబెట్టి మోకాళ్ళకు చోటు సరిపోయిందా లేదా అని పరీక్షిస్తారు. మంచిరోజు చూసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంటికి తెచ్చుకుంటారు. కొన్నేళ్ళ తరువాత ఒకనాడు మెకానిక్కు, "గేర్ ఆయిలు మార్చాలండీ, ఏ కంపెనీది పోయమంటారు?" అని అడిగితే మాత్రం ఇంటిల్లిపాదీ ముఖముఖాలు చూసుకుంటారు. బావగారు ఒక పేరు చెబుతారు. పక్కింటాయన మరొక పేరు చెబుతాడు. "అన్నిటికన్నా ఖరీదైనది పోయించండి, పీడా పోతుంది" అని పెద్దాయన తేల్చేస్తారు.

అసలు ఆ ప్రశ్నలోనే వరుస తారుమారయింది. మొదట తేలవలసింది ఏ రకం నూనె అన్నది. రకం తేలిన తరువాతనే కంపెనీ మాట. ఈ వరుస తప్పి పోసిన నూనె ఎంత ఖరీదైనదైనా, ఎంత పేరున్నదైనా గేర్‌బాక్సును పాడుచేయవచ్చు. ఆటోమాటిక్ గేర్‌బాక్సు చెడితే మరమ్మతు లక్షల్లోకి పోతుంది. పిల్లల చదువుకని దాచిన డబ్బు షెడ్డు పాలవుతుంది. కనుక ఈ సంగతి కాస్త ఓపికగా తెలుసుకోవడం మంచిది.

స్నేహమూ కావాలి, పట్టూ కావాలి

మన "నూనె" అన్న మాట నువ్వుల నుంచి పుట్టినది. సంస్కృతంలో "తైలం" కూడా తిలల నుంచి వచ్చినదే. పోను పోను ఆముదమూ, వేరుసెనగ నూనే, చివరకు భూమిలోంచి తోడిన చమురూ అన్నీ ఆ పేరు కిందికే చేరాయి. అందుకే కాబోలు, నూనె అంటే జిడ్డుగా జారేదేగా, ఏదైతేనేం అనుకుంటాం. సంస్కృతంలో "స్నేహం" అన్న మాటకు చమురనీ, చెలిమనీ రెండర్థాలు. ఒరుసుకోకుండా చూడడమే రెంటి పనీ. అయితే ఆటోమాటిక్ గేరు నూనెకు ఈ స్నేహగుణం ఒక్కటే చాలదు.

ఎందుకంటారా? రెండు టేబిలు ఫాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండవదీ తిరుగుతుంది. ఆటోమాటిక్ కారులో ఇంజను శక్తి గేర్లకు చేరేది ఇంచుమించు ఈ పద్ధతిలోనే. అక్కడ గాలి చేసే పని ఇక్కడ నూనె చేస్తుంది. దీనినే టార్క్ కన్వర్టర్ అంటారు. గేర్లు మార్చడానికి కావలసిన ఒత్తిడిని అందించేది ఆ నూనే. పుట్టిన వేడిని మోసుకుపోయేదీ అదే. గేరు పళ్ళ మధ్య జారుడు కలిగించేదీ అదే. ఇక లోపల నూనెలోనే మునిగి ఉండే క్లచ్ బిళ్ళలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకోవాలి. ఒకే నూనె ఒకచోట జారనివ్వాలి, ఇంకొకచోట పట్టు చిక్కనివ్వాలి. జారుడు మితిమీరితే బిళ్ళలు జారి మాడిపోతాయి. పట్టు మితిమీరితే గేరు మారినప్పుడల్లా కారు కుదుపుతుంది. ఈ పాళ్ళు కుదిర్చేవి నూనెలో కలిపే మందులు. ఏ గేర్‌బాక్సుకు ఏ పాళ్ళో నిర్ణయించేది దానిని తయారుచేసినవాడు. కంటికి రెండు నూనెలూ ఒకేలా కనిపించినా లక్షణం వేరు కావచ్చు.

అమెరికాలో మొదలైన కథ

జనరల్ మోటార్స్ వారు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్ కార్లలో హైడ్రామాటిక్ అనే ఆటోమాటిక్ గేర్‌బాక్సు పెట్టారు. పెద్ద ఎత్తున తయారైన వాటిలో అదే మొదటిది. 1949లో ఇలాంటి గేర్‌బాక్సుల నూనెకు "టైప్ ఎ" అనే ప్రమాణం రాశారు. 1967లో "డెక్స్‌రాన్" వచ్చింది. ఇది నూనె కంపెనీ పేరు కాదు, ప్రమాణం పేరు. ఆ ప్రమాణానికి నిలిచి, అనుమతి పొందిన కంపెనీలన్నీ ఆ పేరుతో నూనె అమ్ముకోవచ్చు.

అదే కాలంలో ఫోర్డు వారి దారి వేరు. వారి "టైప్ ఎఫ్" నూనెలో, జారుడు పెంచి గేరును మెత్తగా పడేటట్టు చేసే మందు ఉండేది కాదు. డెక్స్‌రాన్‌లో ఆ మందు ఉండేది. ఒకే దేశంలో రెండు పెద్ద కంపెనీలు, రెండు ఎర్ర నూనెలు, గుణాలు మాత్రం ఎడమొహం పెడమొహం. ఎరుపు కేవలం రంగు. కారు కింద మరక పడితే అది ఇంజను నూనె కాదని గుర్తుపట్టడానికి కలిపినది. రంగు చూసి రకం తేల్చడం కుదరదు.

మరొక విచిత్రం. తొలినాళ్ళ డెక్స్‌రాన్‌లో ఆ మెత్తదనం కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. 1970ల తొలినాళ్ళలో అమెరికా ప్రభుత్వం దానిని నిషేధించేసరికి రసాయనికులు బదులు మందు వెతుక్కోవలసి వచ్చింది. ఆ తరువాత ప్రమాణాలు మారుతూ వచ్చి 2005లో డెక్స్‌రాన్-6 వెలువడింది.

మీ కారు ఏ జాతిది?

మనకు ఆటోమాటిక్ మోజు ఈమధ్యదే. 2014లో ఆగిపోయిన అంబాసిడర్‌ను స్టీరింగు పక్కనున్న గేరు కర్రతో తోలినవారు ఇంకా ఎందరో ఉన్నారు. ఇప్పుడు మన వీధులలో కనీసం నాలుగు జాతుల గేర్‌బాక్సులు తిరుగుతున్నాయి.

మొదటిది చేత్తో గేరు వేసేది. దీని నూనె డబ్బా మీద జి.ఎల్.-4, జి.ఎల్.-5 వంటి గుర్తులుంటాయి. అయిదు నాలుగు కన్నా పెద్దది కదా అని జి.ఎల్.-5 పోయించకూడదు. అందులో గంధకం, భాస్వరం కలిసిన మందుల పాలు ఎక్కువ. ఇరుసులోని గేరు పళ్ళకు అది కావాలి. గేర్‌బాక్సులోని ఇత్తడి రింగులకు కొంత రాపిడి ఉంటేనే గేరు సాఫీగా పడుతుంది. జి.ఎల్.-4 అడిగినచోట జి.ఎల్.-5 పోస్తే ఆ రింగులకు ముప్పు.

రెండవది ఎ.ఎం.టి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలో వ్యాప్తిలోకి వచ్చింది. పేరుకు ఆటోమాటిక్కే గాని లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కి గేరు మార్చే పని యంత్రం చేస్తుంది, అంతే. ఆటోమాటిక్ అన్నారు కదా అని కళ్ళు మూసుకుని ఎర్ర నూనె పోయించరాదు.

మూడవది సి.వి.టి. ఇందులో విడి గేర్లకు బదులు రెండు కప్పీల మధ్య పట్టీ ఉంటుంది. హాలెండులో డాఫ్ కంపెనీ 1958లో రబ్బరు పట్టీతో ఇలాంటి కారును ప్రదర్శించింది. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉక్కు పట్టీలే. ఉక్కు మీద ఉక్కు జారకుండా పట్టి నిలవాలి. అందుకు తగిన నూనె వేరు. ఇందులో మామూలు ఆటోమాటిక్ నూనె పోస్తే పట్టీ జారి, కప్పీలు గీసుకుపోతాయి.

నాలుగవది రెండు క్లచ్‌ల గేర్‌బాక్సు. ఖరీదైనదే మేలు అనుకునేవారు దీని కథ వినాలి. ఫోక్స్‌వాగన్ వారు 2013లో ప్రపంచమంతటా సుమారు 16 లక్షల కార్లను వెనక్కు పిలిపించారు. ఏడు గేర్ల డి.ఎస్.జి. గేర్‌బాక్సులోని సింథటిక్ నూనె వల్ల, వేడీ తేమా ఎక్కువగా ఉన్న దేశాలలో విద్యుత్ లోపాలు వచ్చే అవకాశముందని తేలింది. దానిని తీసివేసి మామూలు ఖనిజ తైలం పోశారు. ఖరీదు తగ్గింది, ఫలితం మెరుగైంది!

డబ్బా మీద ఏమి చూడాలి?

సికిందరాబాదు రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దుకాణం ముందు నిలబడితే సర్వో, మాక్, కాస్ట్రాల్, వాల్వోలిన్, షెల్, మోబిల్ డబ్బాలు బారులు తీరి కనిపిస్తాయి. ఏ నూనెలోనైనా ఉండేవి మూల తైలమూ, మందులూ. ఆ మందుల మిశ్రమాలు చేసే పెద్ద సంస్థలు లూబ్రిజాల్, ఇన్ఫీనియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఓరొనైట్ అని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కనుక ఒకే ప్రమాణానికి నిజంగా నిలిచిన రెండు మంచి కంపెనీల నూనెల మధ్య తేడా మనం తగవులాడుకునేంత ఉండదు.

కారు కంపెనీ పేరుతో దొరికే డబ్బా కూడా సాధారణంగా ఏదో నూనె కంపెనీ తయారుచేసి ఇచ్చినదే. ధర ఎక్కువైనా గ్యారంటీ ఉన్నన్నాళ్ళూ అదే నిశ్చింత.

బయటి నూనె కొంటే రెండు మాటల మధ్య తేడా గమనించండి. "ఆమోదం పొందినది" అంటే కారు తయారుచేసినవారు పరీక్షించి ఒప్పుకున్నారన్న మాట. "వాడదగినది" అంటే అమ్మేవాడి మాట. డెక్స్‌రాన్-6కు అనుమతి ఉంటే దాని సంఖ్య డబ్బా మీదే ఉంటుంది. "అన్ని కార్లకూ ఒకే నూనె" అన్న డబ్బా ఇస్తే, వెనక ఉన్న పట్టికలో మీ ప్రమాణం పేరు ఉన్నదో లేదో వెతకండి. లేకపోతే పెట్టేయండి. నకిలీ సరుకుకూ మన బజారులో లోటు లేదు. సీలు చూసి, బిల్లు తీసుకుని, డబ్బా మీ ఎదుటే తెరిపించండి.

"ఈ నూనె జీవితాంతం మార్చనక్కరలేదు" అన్న మాట కూడా కొందరి నోట వినిపిస్తుంది. ఎవరి జీవితం అన్నదే సందేహం! ఎన్నో కంపెనీల కార్లకు గేర్‌బాక్సులు చేసి ఇచ్చే జర్మనీ సంస్థ జడ్.ఎఫ్. వారే తమ ఆటోమాటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల లోపున, లేదా ఎనిమిదేళ్ళకు నూనె మార్చమంటారు.

కారుతోపాటు ఇచ్చిన పుస్తకం డాష్‌బోర్డు అరలోనే ఉంటుంది. అందులో గేర్‌బాక్సు నూనె ఉన్న పేజీ తీయండి. టొయోటా అయితే డబ్ల్యు.ఎస్. అనో, హోండా అయితే డి.డబ్ల్యు.-1 అనో, హ్యుందాయ్ అయితే ఎస్.పి.-4 అనో, మీ మోడలుకు తగిన గుర్తు కనిపిస్తుంది. దానిని, ఎన్ని లీటర్లో ఆ అంకెతో సహా ఒక చీటీ మీద రాసి మెకానిక్కు చేతికివ్వండి. ఆ గుర్తు ఉన్న మంచి కంపెనీ డబ్బాలలో మీకు నచ్చినది, మీ ఊళ్ళో నమ్మకంగా దొరికేది కొనుక్కోండి.