బానెట్ లోపలా అదే రంగు!

పల్నాడు ఎండంటే ముందు గుర్తొచ్చేది రెంటచింతల. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. మరి ఆ ఎండలో తిరిగే కారు బానెట్ కింద? కూలెంటే 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడైతే వందల డిగ్రీలు! అక్కడ కూడా కారు రంగే ఉండాలన్నది కొందరి ముచ్చట. తీర్చుకోవచ్చు... కాకపోతే ఏ భాగానికి ఏ రంగన్నది నిర్ణయించేది మన ఇష్టం కాదు, వేడి.

ముచ్చట పాతదే. ఫెరారీ 1957లో తెచ్చిన రేసుకారు పేరు '250 టెస్టా రోసా'. ఇటాలియన్‌లో ఎర్ర తల అని అర్థం. ఇంజిన్ పైమూతలకు ఎరుపు రంగు వేయడం వల్లే ఆ పేరు. అంతదూరం ఎందుకు... మన మిరప చేలల్లో తిరిగే జాన్ డీర్ ట్రాక్టర్ చూడండి. బానెట్టే కాదు, ఇంజినూ ఆకుపచ్చే!

కారు రంగుకు ఓ కోడ్ ఉంటుంది. దాన్నిబట్టి పెయింట్ దుకాణంలో అదే షేడ్ కలిపిస్తారు. అయితే ఆ బాడీ పెయింట్ బ్యాటరీ ట్రే లాంటి చల్లటి భాగాలకే. ట్యాపెట్ కవర్‌కూ, ఇంజిన్ బ్లాకుకూ వేడిని తట్టుకునే ఇంజిన్ ఎనామిల్ కావాలి. మానిఫోల్డ్‌కు ప్రత్యేకమైన సిలికాన్ రంగే గతి. అందులో షేడ్లు తక్కువ కాబట్టి అక్కడ నలుపుతోనో వెండి రంగుతోనో సరిపెట్టుకోవడం మేలు.

అసలు పనంతా రంగుకు ముందే. పిడుగురాళ్ల సున్నపు దుమ్ము, ఇంజిన్ ఆయిల్ కలిసి గట్టిపడితే దానిమీద ఏ రంగూ నిలవదు. ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, జిడ్డు పూర్తిగా వదలగొట్టాలి. గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేశాకే రంగు.

ప్లగ్గులు, సెన్సర్లు, బెల్టులు, గాస్కెట్ కూర్చునే అంచులకు టేపు అంటించాలి. ఎర్త్ వైరు బిగించే చోట రంగు పడితే కరెంటు సరిగా పారక బండి స్టార్ట్ కాకపోవచ్చు. రేడియేటర్‌కు మందంగా పూస్తే వేడి బయటికి పోదు. ఇంజిన్ నంబరు మీద మాత్రం చుక్క కూడా పడనివ్వొద్దు. ఆర్సీలో ఉన్న అంకెలు ఇంజిన్ మీదా స్పష్టంగా కనిపించాలి.

సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకూ ఓ మాట. పాత బండి ఇంజిన్ కొత్తగా మెరుస్తుంటే మురిసిపోకండి. ఆయిల్ కారిన మరకల్ని రంగు దాచేస్తుంది. ఓ గంట నడిపి, మళ్లీ బానెట్ ఎత్తి చూడండి. దాచిన చెమ్మ తాజా రంగు మీదే ఇంకా బాగా కనిపిస్తుంది!